గుడ్డ కింది సముద్రం

శత్రువు చనిపోయాడని పొద్దున్నే ఫోను వచ్చింది. ఏ శత్రువయ్యా అంటే, "మా ఆఫీసు శత్రువు మేడమ్, నిజం శత్రువు కాదు" అన్నాడు అవతలివాడు. విషయం నా బుర్రకెక్కేసరికి చేతిలో కాఫీ చల్లారిపోయింది.

రక్షణశాఖ భవనం నేలమాళిగలో ఒక గది ఉంది. గదిలో మూడు మంచాలు కలిపేసినంత బల్ల, దానిమీద మన సముద్రమూ, పొరుగువాళ్ళ సముద్రమూ, మధ్యలో ఇరుకైన జలసంధీ గీసిన పటం. సన్నటి సూదుల మీద రేకు ఓడలు నిలబడి ఉంటాయి. యుద్ధం వస్తే ఏమవుతుందో రాకముందే అక్కడ ఆడి చూస్తారు. మన తరఫున ఆడటానికి అందరూ ఎగబడతారు. పొరుగుదేశం తరఫున ఆడటానికి ఒకడు కావాలి కదా! ఏళ్ళ తరబడి ఆ పని చేసినాయనకి శత్రువన్న పేరే ఖాయమైపోయింది. క్యాంటీనువాడు కూడా "శత్రువుగారూ, ఇవాళ ఆలస్యమైందే" అని పలకరించేవాడట. ఆ మనిషే ఇప్పుడు బల్ల పక్క కుర్చీలో విషంతో తల వాల్చేశాడు.

నాకంటే ముందే అక్కడ వాలినవాడు సైనిక రహస్య విభాగం అధికారి. ఎంత ఎండలో తిరిగినా చొక్కా నలగదు కాబట్టి మా పోలీసు స్టేషన్లో అతన్ని ఇస్త్రీ అంటాం. మాకూ అతనికీ ఉప్పూ నిప్పూ. నేను వెళ్ళేసరికే శవాన్ని ఆస్పత్రికి తరలించేశాడు, కేసు కూడా తేల్చేశాడు.

"ద్రోహం చేశాడు, భయపడ్డాడు, చచ్చిపోయాడు. అంతే మేడమ్. మీరొక సంతకం పడేస్తే సరిపోతుంది."

"సంతకానికైతే కాగితం పంపితే పోయేదిగా. నన్నెందుకు పిలిచారు?"

"రూలు" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో భక్తి ఉంటుంది.

రూలు మీదే అతని కేసంతా నిలబడి ఉంది. ఆట సాగినన్నాళ్ళూ బల్ల తెరిచే ఉంటుంది. అనుమతి లేనివాడు గదిలో అడుగుపెట్టే ముందు మాత్రం దానిమీద నల్లగుడ్డ కప్పాలి. పొద్దున శవం కనబడ్డప్పుడు గుడ్డ కప్పే ఉంది.

"అంటే బయటివాడొకడు వచ్చాడు" అన్నాడు ఇస్త్రీ. "ఆట సంగతులు వాడికి అందించాడు. వాడు వెళ్ళాక భయం పట్టుకుంది. ఫ్లాస్కులో విషం కలుపుకుని తాగేశాడు."

"ఇంటికి దొంగని పిలిచినవాడు బీరువాకి తాళం వేస్తాడా?"

"అలవాటు మేడమ్. చేతులు వాటంతటవే కప్పేస్తాయి. సాయంత్రం నాలుగింటికి పైన హాల్లో మిత్రదేశంతో ఒప్పందం మీద సంతకాలు. అవి కాగానే ప్రకటన ఇస్తాం. ఒప్పందం చెడగొట్టబోయిన ద్రోహి ఆత్మహత్య అని."

ఆ ఒప్పందం గురించి అందరికీ తెలిసిందే. పొరుగుదేశం మన మీదికొస్తే సముద్రం అవతలి మిత్రుడు తన నౌకాదళంతో వచ్చి పక్కన నిలబడతాడు. బదులుగా మన రేవులు రెండు వాడుకుంటాడు. మన దేశం ఇప్పుడిప్పుడే నలుగురిలో తలెత్తుకుంటోంది, తోడుగా ఒక బలవంతుడుంటే మంచిదేగా అని నేను కూడా అనుకున్నాను. ఆ పొద్దుటిదాకా.

*

శత్రువు భార్య తలుపు తీసింది. ఆ వరసలో ఇళ్ళన్నీ మూసి ఉన్నాయి. వార్త ముందే పాకినట్టుంది. ఆపదలో పక్కింటివాళ్ళే కదా ముందు మొహం చాటేసేది.

"కూర్చో తల్లీ" అందావిడ. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కుర్చీలో సగం మడిచిన దుప్పటి ఉంటే తీసి పట్టుకుంది. గోడమీద తెల్ల యూనిఫాంలో ఒక అమ్మాయి ఫోటో.

"మీ అమ్మాయా?"

"ఒక్కతే. ముందు వరసలో వెళ్ళే ఓడమీద అధికారి. ఇవాళ తెల్లవారుతూనే బయల్దేరారు, జలసంధికి."

"సంతకాలు కాకుండానేనా?"

"సంతకాలు అయ్యేసరికి అక్కడ జెండాలతో కనబడాలటమ్మా. ఫోటోలకి." నవ్వబోయి ఆగిపోయింది. "వాళ్ళ నాన్న పోయిన సంగతి దానికింకా తెలీదు. ద్రోహి అని వార్తొస్తే దాన్ని ఓడలోనే గదిలో పెట్టి తాళం వేస్తారట కదా. ఇందాక ఆఫీసునుంచి కబురు తెచ్చినాయన చెప్పాడు. నాకు ఈ ఇల్లు వద్దు, ఏమీ వద్దు. నడిసముద్రంలో ఉన్న పిల్లకి మీ నాన్న దేశాన్ని అమ్ముకున్నాడని మాత్రం చెప్పనివ్వకు. నీకు దణ్ణం పెడతాను."

నేను మాటివ్వలేదు. ఈ ఉద్యోగంలో మాటలివ్వకూడదని ఎప్పుడో నేర్చుకున్నాను. కానీ ఆవిడ చేతులు పట్టుకున్నాను.

"ఫ్లాస్కులో ఏముంటుంది?"

"పాలు. కడుపులో పుండు ఆయనకి, బయటి నీళ్ళు కూడా ముట్టరు. ఆ మూత బిగువు. ఆయన వేళ్ళ కీళ్ళు పట్టేసి చాన్నాళ్ళయింది, తిప్పలేరు. ఇంట్లో నేను తీస్తాను, ఆఫీసులో ఎవరో ఒకరు తీసిపెడతారు."

"ఎవరో ఒకరంటే?"

"ఎవరుంటే వాళ్ళు. ఎక్కువగా తీర్పరిగారే."

తీర్పరి అంటే ఆట నడిపించే పెద్దమనిషి. రిటైరైన సేనాపతి. ఏ ఎత్తు చెల్లుతుందో, ఏ ఓడ మునిగిందో చెప్పేది ఆయనే. ఇద్దరూ ఆ గదిలో కలిసి ముసలివాళ్ళయ్యారు.

"ఈమధ్య ఆయన ఎలా ఉన్నారు?"

"మొన్న ఇంటికొచ్చి 'గెలిచానే' అన్నారు. మంచిదేగా అన్నాను. 'పిచ్చిదానా, నేను గెలిస్తే మనం ఓడినట్టు' అని అన్నం కూడా తినకుండా పడుకున్నారు. నిన్న పొద్దున ఈ దుప్పటి మడవబోతే, ముఖ్యమైన మాట అడగాల్సినవాడు ఇంకొకడున్నాడు అంటూ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు."

మాట్లాడుతూనే రెండు కొసలు నాకందించింది. ఇద్దరం నిలబడి ఆ దుప్పటి మడిచాం. ఎదురెదురుగా నడిచి కొసలు కలిపినప్పుడు ఆవిడ కళ్ళు మళ్ళీ నిండాయి.

"ఎప్పుడూ ఏడిపించేవారు. నీతో కంటే తీర్పరితోనే ఎక్కువ గుడ్డలు పట్టుకున్నానే అని. ఆ నల్లగుడ్డ ఒక్కడు లాగితే సముద్రమంతా తలకిందులవుతుందట. చెరోవైపు నిలబడి, ఎత్తి పట్టుకుని, తిన్నగా దించాలట."

దుప్పటి మంచంమీద పెట్టి లేచాను. నా కాళ్ళు నాకంటే ముందే గుమ్మం దాటాయి.

*

గది బయట ఫోన్లు కాపలావాడికి అప్పజెప్పాలి. అప్పజెప్పాను. లోపల ఇస్త్రీ, తీర్పరీ నాకోసం చూస్తున్నారు. గదికి కిటికీ లేదు. పైన గోడలో ఒక ఫ్యాను గరగరమని గాలి తోడుతోంది, లోపలికి గాలి వచ్చే దారి అదొక్కటే. బల్ల నల్లగుడ్డ కింద పడుకుని ఉంది, పొద్దుటినుంచీ ఎవరూ ముట్టుకోలేదు. చనిపోయినాయన కుర్చీ ఎర్రరంగు వేసిన అంచు దగ్గరుంది. నీలం అంచు వైపు వరసగా కుర్చీలు. మూలగా ఆకుపచ్చ అంచు దగ్గర ఒంటరిగా ఇంకో కుర్చీ. తలుపు పక్క గోడమీద ఎర్రమీట.

"అదేమిటి?" అన్నాను.

"అనుమతి లేనివాడు బల్ల చూసేస్తే నొక్కేది" అన్నాడు తీర్పరి. ఎత్తుగా, నిటారుగా, తెల్లటి మీసంతో ఉన్నాడు. "తలుపు బిగుసుకుపోతుంది. మళ్ళీ తెరవమని చెప్పగలిగేది నేనొక్కణ్ణే. అదృష్టం, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అవసరం రాలేదమ్మాయ్."

"నిన్న మీరెన్నింటికి వెళ్ళారు?"

"అయిదున్నరకి. అప్పటికి బల్ల తెరిచే ఉంది, అతనొక్కడే ఉన్నాడు."

ఆరు, ఏడు మధ్య ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. "మీరు వెళ్ళడం ఎవరైనా చూశారా?"

ఇస్త్రీ అడ్డొచ్చాడు. "మేడమ్! ఆయన రాకపోకలు అడిగే అధికారం ఈ భవనంలో ఎవరికీ లేదు. ఆయనకీ, ఆయన వెంట వచ్చేవాళ్ళకీ పక్కదారి వేరే ఉంది."

"ఎంత సౌకర్యం! సరే, ఆ గుడ్డ తీయించండి."

"కుదరదు."

"కింద ఏముందో చూడకుండా ఏం దర్యాప్తు చెయ్యమంటారు?"

"నాకే అనుమతి లేదు. నా సర్వీసు మొత్తంలో ఆ గుడ్డ కింద ఏముందో నేను చూడలేదు. గర్వంగా చెబుతున్నాను."

"చూడకుండానే మనిషిని ద్రోహి అనేశారన్నమాట. గుడ్డెద్దు చేలో పడ్డట్టుంది మీ పని."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీకు దేశమంటే ఆట. పొరుగువాడు కాచుక్కూర్చున్నాడు. ఇవాళ ఒప్పందం ఆగిందంటే రేపటికి మనకెవరూ మిగలరు. ఒక చచ్చినవాడి పరువు కోసం అదంతా ఆపమంటారా?"

"చచ్చినవాడికి కూతురుంది. మీరు మురిసిపోతున్న ఆ ఓడల్లో అన్నిటికంటే ముందు ఓడమీద నిలబడి ఉంది."

అది అతనికి తెలియదనుకుంటాను, ఒక్కక్షణం తడబడ్డాడు. ఇంతలో పైనుంచి కబురొచ్చింది. అతిథులు ముందే వచ్చేశారట. "అనుమతి అడిగి వస్తాను. దేన్నీ ముట్టుకోకండి" అని నావైపు వేలు చూపించి వెళ్ళాడు.

అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగాను. తర్వాత బల్లకి ఈవలి వైపు వెళ్ళి గుడ్డ కొసలు రెండూ పట్టుకుని, ఆవిడ దుప్పటి అందించినంత మామూలుగా అన్నాను.

"అటువైపు పట్టుకోండి సార్."

ఆయన అటువైపు వెళ్ళాడు. చెయ్యి వేశాకే ఏం చేస్తున్నాడో తెలిసినట్టుంది, ఆగి నన్ను చూశాడు. "చూస్తే నష్టం నీకే అమ్మాయ్."

"నష్టాలు నాకు కొత్త కాదు."

మీసం కింద చిన్నగా నవ్వి ఎత్తాడు. ఇద్దరం గుడ్డని తలలకంటే పైకి లేపి, అలాగే పక్కకి నడిచి గోడవారగా దించాం. బరువుగా ఉంది, తడి కంబళిలాగా.

కింద ఒక్క ఓడ కూడా పడిపోలేదు.

మన నీలం ఓడలు జలసంధి నోట్లో ఉన్నాయి. ఎర్ర ఓడలు వాటిని చుట్టేసి ఉన్నాయి, కానీ మీదికి రాలేదు. సరుకు ఓడలు వచ్చే దారికి అడ్డంగా నిలబడి ఊరుకున్నాయి. ఆకుపచ్చవి మాత్రం బల్ల చివర, తమ రేవులోనే, బడి గంట కొట్టకముందు పిల్లల్లా వరసగా ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

"మిత్రుడు రాలేదేం?" అన్నాను.

"శత్రువు తెలివైనవాడు" అన్నాడు తీర్పరి. గొంతులో నిజమైన మెచ్చుకోలుంది. "తుపాకీ పేల్చలేదు. ఊరికే దారి మూశాడు. మనకి నూనె రాదు, మందులు రావు, ధాన్యం రాదు. మనమే విసిగి మొదటి గుండు పేల్చాలి. పేల్చామా, దండెత్తింది మనమే. ఇక మిత్రుడు వచ్చే పని లేదు."

"రేవులు మాత్రం అప్పటికే వాడి చేతిలో ఉంటాయి."

ఆయన చూపు ఆకుపచ్చ ఓడల మీదే ఉంది.

"ఆ ఆకుపచ్చ కుర్చీ ఎవరిది?"

"వాళ్ళ రాయబార కార్యాలయం అధికారిది. ఫలానా పరిస్థితి వస్తే మీ దేశం ఏం చేస్తుందని అడుగుతాం, జవాబు చెప్పి వెళ్ళిపోతాడు. బల్ల చూడకూడదు. వచ్చేముందు కప్పేస్తాం."

"నిన్న వచ్చాడా?"

"రాలేదు." మరీ తొందరగా వచ్చింది జవాబు.

"ఈ గుడ్డ ఒక్కరే కప్పొచ్చా సార్?"

"అలవాటున్నవాళ్ళు కప్పొచ్చు."

"మీకంటే అలవాటున్నవాళ్ళు ఎవరున్నారు? ఒకసారి కప్పి చూపించండి."

ఆయన గుడ్డవైపు చూశాడు, ఓడలవైపు చూశాడు. కదల్లేదు. పైన ఫ్యాను గరగర తప్ప ఇంకే చప్పుడూ లేదు. దొంగ దొరికినప్పుడు సంతోషం రావాలంటారు, నాకెప్పుడూ దిగులే వస్తుంది.

"ఆ చేతివేళ్ళతో ఫ్లాస్కు మూతే తియ్యలేని మనిషి, ఈ గుడ్డని ఒక్కడే కప్పాడా? సూది కూడా ఒరక్కుండా? ఇద్దరు కప్పారు సార్. రెండోవాడు మీరు. మిత్రదేశం అధికారిని మీ పక్కదారిన తీసుకొచ్చారు. మీ శత్రువు అతన్ని ఆఖరి మాట అడిగాడు, వస్తారా అని. రాం అన్నాడు. అతను వెళ్ళాక మీరిద్దరే మిగిలారు. నాలుగింటిలోపు ఇదంతా పైన చెప్పేస్తానని ఆయన అన్నాడు. కూతురు ఆ ఓడల్లో ఉంది, చెప్పకుండా ఎలా ఉంటాడు? మీరు ఎప్పట్లాగే ఫ్లాస్కు మూత తీసి పాలు పోసి ఇచ్చారు."

"కథ బాగా అల్లావు."

"అల్లింది మీరు. కాకపోతే ఒకచోట కుట్టు ఊడింది. చంపాక గుడ్డ తీసేసి ఉంటే బయటివాడు వచ్చాడన్న మాటే ఉండేది కాదు. ఏదో బాధతో చచ్చిపోయాడనుకునేవాళ్ళం. మీరు తియ్యలేకపోయారు. తియ్యడానికీ ఇద్దరు కావాలి. రెండో కొస పట్టుకునేవాడు కుర్చీలో చచ్చిపడి ఉన్నాడు."

ఆయన మెల్లగా చనిపోయినాయన కుర్చీ వెనక్కి వెళ్ళి, దాని వీపుమీద చేతులు ఆనించాడు. ముసలితనం ఒక్కసారిగా మీద పడ్డట్టుంది.

"చాలాసేపు నిలబడ్డాను ఇక్కడే" అన్నాడు. "ఒక కొస పట్టుకుని. ఎవరినని పిలవను?" కుర్చీ వీపు నిమిరాడు. "బతిమాలాను అమ్మాయ్. కాళ్ళు పట్టుకున్నాను. మిత్రుడు రాడని నాకూ తెలుసు. వస్తాడని పొరుగువాడు నమ్మితే చాలు, భయపడతాడు. భయం ఉంటే యుద్ధం రాదు. మిత్రుడు అబద్ధమైనా ఆ భయం నిజం. వీడు నోరు విప్పాడంటే ఆ భయం కూడా పోయేది. అప్పుడు చచ్చేది ఒక్కడు కాదు."

"ఈ మాట ఆయన భార్యతో చెప్పగలరా?"

తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ లోపలికి రెండడుగులు వేసి, తెరిచి ఉన్న బల్లని చూసి కొయ్యబారిపోయాడు. వెంటనే కళ్ళు తిప్పుకున్నాడు, పరాయివాళ్ళ స్నానాలగది తలుపు తీసినట్టు.

"ఏం చేశారు మేడమ్! అనుమతి లేదన్నారు పైన! కప్పండి, ముందు కప్పండి!"

"అనుమతి లేకుండా ఈవిడే తీసింది" అన్నాడు తీర్పరి, తన పాత గొంతుతో.

ఇస్త్రీ పరుగున వెళ్ళి గుడ్డ కొస అందుకున్నాడు. "అటు పట్టుకోండి మేడమ్."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "మీ లెక్కన ఒక్కడే కప్పాడుగా. కప్పండి."

నన్ను కళ్ళతోనే కాల్చేసి, కోపంకొద్దీ గుడ్డని ఒక్కడే బల్లమీదికి లాగాడు. మొదట రేవులోని ఆకుపచ్చ ఓడలు ఒరిగాయి. తర్వాత ఎర్రవి. తర్వాత జలసంధిలో నీలంవి టపటపా పడి బల్ల అంచుదాకా దొర్లాయి. ఒకటి నా బూటు పక్కన పడింది. అందరికంటే ముందున్నది. వంగి తీసుకున్నాను.

ఇస్త్రీ చేతుల్లో గుడ్డ అలాగే ఉండిపోయింది. బుర్ర లేనివాడు కాదు, రూళ్ళకింద దాన్ని దాచుకున్నాడంతే. పడ్డ ఓడల్ని చూశాడు. ఎర్ర కుర్చీని చూశాడు. ఆ చూపు నెమ్మదిగా తీర్పరి దగ్గరికి చేరింది.

"సార్" అన్నాడు. "ఇందాక గుడ్డ తీసినప్పుడు ఇవి నిలబడే ఉన్నాయా?"

తీర్పరి అప్పటికే తలుపు దగ్గరున్నాడు. మేము ఓడల్ని చూస్తున్నంతసేపూ ఆయన మమ్మల్ని చూస్తూ వెనక్కి నడిచాడన్నమాట. గుమ్మం బయట నిలబడి, చెయ్యి మాత్రం లోపలికి పెట్టి ఎర్రమీట మీద ఆనించాడు.

"నువ్వూ చూశావు బాబూ" అన్నాడు జాలిగా. "నీకూ అనుమతి లేదు."

ఇస్త్రీ దూకాడు. తలుపు అంతకంటే వేగంగా మూసుకుంది. ఇనుము ఇనుములోకి దిగిన చప్పుడు వినబడింది. అతను పిడికిళ్ళతో బాదాడు, భుజంతో గుద్దాడు, కాపలావాణ్ణి పిలిచాడు. కాపలావాడు రూలు తెలిసినవాడు, పలకలేదు. పై అంతస్తు నుంచి, గాలి గొట్టంలోంచి సన్నగా చప్పట్లు దిగాయి. నాలుగింటిదాకా ఆగలేదు, సంతకాలు అయిపోయాయి.

ఇస్త్రీ వచ్చి నేలమీద కూలబడ్డాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. అంత నలిగిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

"బయట ఏం చెబుతాడు?"

"ద్రోహులు ముగ్గురని" అన్నాను.

అతను బల్లకింద దొర్లిన నీలం ఓడల్ని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు.

"ఆ అమ్మాయి ఓడ ఏది?"

పిడికిలి తెరిచాను. సూది గుచ్చుకుని అరచేతిలో చిన్న నెత్తుటి చుక్క ఉంది, దానిమీద నీలం రేకు ఓడ. అతను చెయ్యి చాచి అందుకోబోతుండగా పైన గరగర ఆగిపోయింది.

ఇద్దరం తలెత్తి చూశాం. గోడలో ఫ్యాను రెక్కలు ఇంకో రెండు చుట్లు తిరిగి నిలిచిపోయాయి.